బోసి మెడతో బయటికి రానన్న మనిషి

మొన్నామధ్య దగ్గు ఎంతకీ తగ్గకపోతే పటమటలో ఒక స్కానింగ్ సెంటర్‌కి వెళ్ళాను. ఉద్యోగమంతా జనాన్ని ఆ బల్ల మీద పడుకోబెట్టినదాన్ని, నేను దాని మీద పడుకోవడం అదే మొదటిసారి. రికార్డు చేసి పెట్టిన ఆడగొంతు ఒకటి హిందీలో ఊపిరి పీల్చమంది, బిగబట్టమంది, వదలమంది. నేను దగ్గు ఆపుకునేలోపే అంతా అయిపోయింది. బయటికొచ్చి, మిషన్ నడిపిన అమ్మాయిని అడిగాను.

"ఏమ్మా, నువ్వసలు మాట్లాడవా?"

"అన్నీ మిషనే చెప్తుంది కదండీ."

"మరి లోపల నేనేమైనా అంటే నీకు వినబడుతుందా?"

"సౌండ్ తగ్గించి పెడతామండీ. పేషెంట్లు ఊరికే ఏదో ఒకటి అంటూనే ఉంటారు," అని నవ్వింది.

మంచి పిల్లే. చెయ్యి పట్టుకుని బల్ల దింపింది కూడా. కానీ ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. అక్కడే నాలుగు మాటలు అనేద్దామనుకున్నాను. వెనక జనం కూర్చుని ఉన్నారని నోరు మూసుకున్నాను. ఇంటికొచ్చాక మాత్రం ఊరుకోలేక ఇది రాస్తున్నాను. సి.టి. నేర్చుకుంటున్న పిల్లలెవరి చేతికైనా ఇది వస్తే, ముసలిదాని సణుగుడు అనుకోకుండా చివరిదాకా చదవండి.

నేను రేడియోగ్రఫీ కోర్సులో చేరిన రోజుల్లో బెజవాడలో సి.టి. మిషన్ అంటే వింత. మేం పని నేర్చుకునే ఆస్పత్రికి అది కొత్తగా వచ్చింది. వార్డుల్లో రోగులు విసనకర్రలతో విసురుకుంటుంటే దానికి మాత్రం ఏసీ గది. చెప్పులు విప్పి లోపలికి వెళ్ళేవాళ్ళం. ఇప్పటి మిషన్ల లాగా ఒక్క ఊపున అయిపోయేది కాదు. ఒంటిని అడ్డంగా కోసినట్టు ఒక్కో ముక్క బొమ్మ తీస్తుంది, ఆగుతుంది, బల్ల కొంచెం జరుగుతుంది, మళ్ళీ ఇంకో ముక్క. ప్రతి ముక్కకీ రోగి కదలకుండా ఉండాలి, మనం మైకులో చెప్పాలి.

దాని దగ్గర పని నేర్చుకోవడానికి ఇద్దరం ఉండేవాళ్ళం. నేను కంకిపాడు అవతల పల్లెటూరి నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. రెండో అతను కొండపల్లి వాడు, వాళ్ళింట్లో అందరూ బొమ్మలు చెక్కేవాళ్ళే. మాకు పని నేర్పింది అక్కడి సీనియర్ టెక్నీషియన్. ఎక్స్‌రే చీకటిగదిలో ఫిల్ములు కడుగుతూ మొదలుపెట్టి, మద్రాసు వెళ్ళి ఈ మిషన్ నేర్చుకొచ్చిన మనిషి. ఆయన నోరు మంచిది కాదు. తప్పు చేస్తే గడ్డి పెట్టేవారు. "సారీ సార్" అంటే ఇంకా మండేది ఆయనకి. "సారీ ఎవడికి కావాలి? ఎందుకు తప్పో చెప్పు," అనేవారు. మేం ఆయన్ని సారు అనేవాళ్ళం, ఆయన లేనప్పుడు ఇంకేదో అనేవాళ్ళం, అది ఇక్కడ రాయను.

"ఎక్స్‌రే అంటే ఏంటి?" అని మొదటిరోజే అడిగారు. నేను పుస్తకంలో ఉన్నదంతా గడగడా అప్పజెప్పాను.

"అది కాదమ్మా. ఎక్స్‌రే అంటే నీడ. ముందున్నదీ వెనకున్నదీ ఒకదాని మీద ఒకటి పడిపోయిన నీడ. సి.టి. అంటే ఆ నీడని మనిషి చుట్టూ తిరిగి అన్ని వైపుల నుంచీ తీసి, లోపల ఎక్కడ ఏముందో లెక్కకట్టడం. అంతే."

అలా అని ఊరుకోలేదు. ఫిల్ము కవరు వెనక గళ్ళు గీసి, అడ్డంగా కూడితే ఎంతో, నిలువుగా కూడితే ఎంతో, మూల నుంచి మూలకి కూడితే ఎంతో రాసి, లోపలి అంకెలు మమ్మల్ని కనుక్కోమన్నారు. భోజనం మానేసి దానితో కుస్తీ పట్టాం. చివరికి కనుక్కున్నాక, "కంప్యూటర్ చేసేదీ ఇదే. కాకపోతే దానికి ఆకలెయ్యదు," అన్నారు.

ఈ లెక్కలో నీళ్ళ విలువ సున్నా. గాలి సున్నాకి ఎంతో కింద, ఎముక ఎంతో పైన. "కాలవ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళం, నీళ్ళని పట్టుకుని సున్నా అంటారేంటి సార్," అన్నాడు కొండపల్లి అతను. "ఎండాకాలం వెళ్ళి మీ కాలవ చూడు, ఎందుకన్నానో తెలుస్తుంది," అన్నారు సారు.

ఆయన చెప్పిన పాఠాల్లో నేను ఎన్నటికీ మరిచిపోనిది బొమ్మ పాఠం. కొండపల్లి అతనిచేత ఇంటి నుంచి అంబారీ ఏనుగు బొమ్మ ఒకటి తెప్పించి, మిషన్లో పెట్టి తీశారు. తెరమీద ఏనుగు పొట్ట, కాళ్ళు అతికిన చోట జిగురు, పైన రంగు పూత, అన్నీ కనిపించాయి. మాకు ముచ్చటేసింది. తర్వాత నా జాకెట్టుకున్న పిన్నీసు ఇమ్మని, దాన్ని ఏనుగు మెడకి గుచ్చి మళ్ళీ తీశారు. పిన్నీసు నుంచి నలువైపులకీ తెల్లటి, నల్లటి చారలు చిమ్మాయి. ఏనుగూ లేదు, అంబారీ లేదు.

"చూశారా? లోహం తన చోటొక్కటే పాడుచెయ్యదు. చుట్టుపక్కల వాళ్ళందరి చోటూ పాడుచేస్తుంది. కొంతమంది చుట్టాల్లాగా. తీసెయ్యగలిగినంతవరకూ తీసెయ్యాలి."

తీసెయ్యాలి సరే, మన ఆడవాళ్ళ మెడలో పుస్తెలతాడు తియ్యమంటే తీస్తారా? అందుకని సి.టి. గది కిటికీలో ఒక బిస్కెట్ల డబ్బా ఉండేది. అందులో పసుపు రాసిన దారం, పసుపు కొమ్ములు. మా ఆయమ్మ వన్‌టౌన్ నుంచి తెచ్చి పెట్టేది. పుస్తెలతాడు తియ్యాల్సి వస్తే ముందు దారానికి పసుపు కొమ్ము కట్టి మెడలో వేసేది, ఆ తర్వాతే బంగారం తీసేవాళ్ళు. మెడ క్షణమైనా బోసిగా ఉండకూడదు, అదీ పద్ధతి. దారానికీ కొమ్ముకీ చారలు రావు కాబట్టి మాకూ ఇబ్బంది లేదు.

చదువుకుంటున్నాననే పొగరు నాకు బాగా ఉండేది. "సార్, ఇది ఆస్పత్రా, పెళ్ళి పందిరా?" అన్నాను ఒకసారి.

"నువ్వు లోహం గురించి లెక్చరిచ్చి తాడు తీయించేసరికి పొద్దుగూకుతుంది. ఆయమ్మ చిటికెలో తీయిస్తుంది. నీకు పని కావాలా, వాదన కావాలా?" అన్నారు. అయినా ఆ డబ్బా అంటే నాకు చిన్నచూపే.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ క్యాజువాలిటీ నుంచి ఒక ట్రాలీ వచ్చింది. దాని మీద ముప్ఫై దాటిన ఆవిడ. మెడ కదలకుండా కాలర్ బిగించి ఉంది. మొగుడూ పెళ్ళాం స్కూటర్ మీద ఊరికి వెళ్తూ, బందరు రోడ్డులో ధాన్యం బస్తాల ట్రాక్టర్‌ని తప్పించబోయి పడ్డారు. ఆవిడ తల మీద చిన్న గాయం తప్ప పైకి ఏం లేదు. కానీ రెండు చేతుల్లోనూ వేళ్ళు తిమ్మిరెక్కి మొద్దుబారుతున్నాయి. ఎక్స్‌రే తీస్తే మెడ ఎముకలు పైనుంచి ఆరు కనిపించాయి, అన్నీ బాగున్నాయి. ఏడోది భుజాల నీడలో పడి కనబడలేదు. వేళ్ళ తిమ్మిరి చూస్తే అనుమానమంతా ఆ ఏడో దాని మీదే. అది విరిగి పక్కకి జరిగి ఉంటే, ఏ మాత్రం తల కదిలినా వెన్నుపాము నలిగిపోయి చేతులు, కాళ్ళు పడిపోవచ్చు. ఆ ఒక్క ఎముక చూసి చెప్పమని డాక్టరుగారు పంపించారు.

ట్రాలీతో పాటు ఆవిడ మరిది వచ్చాడు. కుర్రవాడు, మొహంలో నెత్తుటి చుక్క లేదు. మా సారుని పక్కకి పిలిచి చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను.

"మా అన్నయ్య పోయాడండీ. తీసుకొచ్చేసరికే ప్రాణం లేదన్నారు. వదినకి చెప్పలేదు. ఆపరేషన్ జరుగుతోందని చెప్పాం. మా అమ్మ బయట కూర్చునుంది, ఆవిడ గుండెజబ్బు మనిషి, ఆవిడకీ తెలియదు. మీరెవరూ అనకండి, మీకు దణ్ణం పెడతా."

సారు తలూపారు. అతను కాగితాల పని మీద పరిగెత్తాడు. అతని తల్లి తలుపు బయట బల్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది. తలుపు తెరిచినప్పుడల్లా తొంగిచూసి, "ఏమంటున్నారమ్మా, మా కోడలికి ఏం కాలేదు కదా?" అని నన్నే అడుగుతోంది. నేను ఏం లేదండీ, ఏం లేదండీ అంటూ తప్పించుకు తిరుగుతున్నాను.

కాలర్ సందులోంచి మెరుస్తూ కనబడింది బంగారం. క్యాజువాలిటీలో కంగారులో పుస్తెలతాడు మీదనే కాలర్ బిగించేశారు. అది కూడా కొక్కెం ఉన్న గొలుసు కాదు, లావుపాటి నానుతాడు. తల మీద నుంచి తియ్యాల్సిందే. మెడ వెనక అది సరిగ్గా ఏడో ఎముక మీద కూర్చుంది. ముందు నుంచి కిందికి లాగినా, వెనక భాగం అక్కడే ఉంటుంది. ఏ ఎముక చూడాలో ఆ ఎముకే చారల్లో కొట్టుకుపోతుంది.

ట్రాలీ తోసుకొచ్చిన అతను, "దాందేముందండీ, తల కాస్త ఎత్తితే జారిపోతుంది," అని చెయ్యి పెట్టబోయాడు.

"చెయ్యి తియ్!" అని సారు అరిచిన అరుపు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "తల ఎత్తాలంటే నన్ను చంపి ఎత్తు."

ఇక మిగిలింది ఒకటే దారి, కట్టర్‌తో తెంపడం. మీరు కుర్రవాళ్ళు, మీకు ఇందులో ఏముందో తెలియకపోవచ్చు. మనవైపు పుస్తెలతాడు తియ్యడం వేరు, తెంపడం వేరు. తెంపేది ఎప్పుడో, ఎందుకో ప్రతి ఆడదానికీ తెలుసు. సారు ఆవిడ మొహం మీదికి వంగి, ఎంతో నెమ్మదిగా విషయం చెప్పారు. ఆయనకి అంత మెత్తటి గొంతు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆవిడ పైకప్పు వంకే చూస్తూ అంతా వింది. "తెంపొద్దండీ," అంది.

"అమ్మా, నీ చేతులమ్మా. చూడకపోతే డాక్టరుగారు ఏమీ చెయ్యలేరు."

"పోతే పోనివ్వండి. బోసి మెడతో నేను బయటికి రాను."

ఎంత చెప్పినా అదే మాట. మాకు తల ప్రాణం తోకకొచ్చింది. లోపల మొగుడికి ఆపరేషన్ జరుగుతోందని నమ్ముతున్న మనిషి, తాడు తెంపితే ఆయనకేమవుతుందోనని భయపడుతోంది, పాపం, అనుకున్నాను. ఏ మొగుడి కోసం చేతులు పోగొట్టుకోవడానికి సిద్ధపడిందో ఆ మొగుడే లేడని నాకు తెలుసు. చెప్పేస్తే ఒక గొడవ వదిలిపోతుంది కదా అని ఒక్క క్షణం నోటిదాకా వచ్చింది. దేవుడు నా నోరు కట్టేశాడు.

సారు అన్నారు, "ముందు పసుపుతాడు కడతాం. అది మెడలో పడ్డాకే బంగారం తెంపుతాం. మధ్యలో క్షణం కూడా ఖాళీ ఉండదు. సరేనా అమ్మా?"

ఆవిడ కళ్ళు మూసుకుంది. "కట్టండి," అంది.

సారు ఆయమ్మని పిలిచారు. ఆయమ్మ బిస్కెట్ల డబ్బా తెచ్చింది గానీ, గుమ్మం దాటి రాలేదు. నన్ను మిషన్ నడిపే కన్సోల్ గదిలోకి లాగి గుసగుసగా అంది.

"నేను కట్టనమ్మా. ఆ పిల్లోడు చెప్పింది నేనూ విన్నాను. మనిషి వెనక గదిలో గుడ్డ కప్పుకుని ఉంటే, ఇక్కడ ఈమె మెడలో పసుపుతాడా? తెలిసి తెలిసి నా చేతుల్తో కట్టమంటే నా వల్ల కాదు. తిట్టుకుంటే తిట్టుకోండి."

"నువ్వు కాకపోతే ఎవరు కడతారు ఆయమ్మా?"

"నువ్వు మాత్రం కట్టకు తల్లీ. పెళ్ళి కావలసిన పిల్లవి."

ఆ డబ్బా అంటే నవ్విన నేనే, దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాను. సారు దగ్గరికి వెళ్ళి మెల్లగా అడిగాను. "సార్, ఆయనెలాగూ లేరు. ఈ తాడు అబద్ధం కాదా?"

"నాకు తెలియదమ్మా," అన్నారు. అన్నీ తెలిసిన మనిషి నోట ఆ మాట నేను వినడం అదే మొదలు. "నాకు ఆ ఎముక కనబడాలి. నేను తల పట్టుకోవాలి కాబట్టి నా చేతులు ఖాళీ ఉండవు. నువ్వే కట్టు."

కాలర్ ముందుభాగం విప్పి, ఆయన ఆవిడ తల వైపు నిలబడి, రెండు చెవుల మీదా చేతులు ఆనించి తల కదలకుండా పట్టుకున్నారు. మెడ వెనక ఉన్న కాస్త సందులోంచి సెలైన్ గొట్టం ముక్క ఒకటి దూర్చి, దానికి దారం కట్టి నెమ్మదిగా ఇవతలికి లాగాను. రెండు కొసలూ గొంతు ముందుకి వచ్చాయి. పసుపు కొమ్ము మధ్యలో పెట్టి ముడి వెయ్యబోతుంటే ఆవిడ, "నేనే వేసుకుంటా," అని చేతులు పైకి తెచ్చింది. కొసలు వేళ్ళకి అందించాను. వేళ్ళు దారాన్ని పట్టుకోలేదు. జారిపోయింది. మళ్ళీ అందించాను, మళ్ళీ జారిపోయింది.

"వేళ్ళకి తెలియట్లేదు. నువ్వే వెయ్యి అమ్మాయ్," అంది.

ముడి వేశాను. అప్పుడు కొండపల్లి అతను కట్టర్‌తో నానుతాడు తెంపాడు. టక్కున చిన్న చప్పుడైంది. ఆవిడ కదల్లేదు. బంగారం మెల్లగా బయటికి లాగి, గాజుగుడ్డలో చుట్టి సారు తన జేబులో వేసుకున్నారు, మరిదికి ఇవ్వడానికి.

బల్ల మీదికి ఎక్కించి, మిషన్ నడిమి కంతలోకి మెడ వచ్చేలా జరిపాం. అందరికీ చెప్పే మాటే ఆవిడకీ చెప్పాను. "మేం అద్దం అవతల ఉంటామండీ. మీరు ఏమన్నా మాకు వినబడుతుంది. భయపడకండి. తీసేటప్పుడు మాత్రం కదలకూడదు, మాట్లాడకూడదు, గుటక వెయ్యకూడదు."

"ఏమన్నా వినబడుతుందా?" అని అడిగింది.

"వినబడుతుందండీ."

"బయట తలుపు దగ్గర ఉన్నవాళ్ళకి?"

"అబ్బే, వాళ్ళకి వినబడదు. మాకు మాత్రమే."

తలుపు మూసి కన్సోల్ దగ్గరికి వచ్చాం. సారు బటన్ మీద వేలు పెట్టి, మైకు దగ్గరికి వంగారు. ఆయన నోరు తెరిచేలోపు స్పీకర్‌లోంచి ఆవిడ గొంతు వచ్చింది.

"అమ్మాయ్, వింటున్నావా?"

మైకు నొక్కి, "చెప్పండి," అన్నాను.

"ఆయన పోయారని నాకు తెలుసమ్మా."

సారు వేలు బటన్ మీద నుంచి తీసేశారు.

"రోడ్డు మీదే పోయారు. నా చెయ్యి పట్టుకునే ఉన్నారు. నా చేతిలోనే చల్లబడ్డారు. అప్పటికింకా నా వేళ్ళకి తెలుస్తూనే ఉంది. ఆపరేషన్ అంటున్నాడు మా మరిది. చిన్నపిల్లాడు, వాడికి అంతకంటే ఏం తెలుస్తుంది. మీరందరూ కూడా అదే చెప్తున్నారు. మంచిదే. మా అత్తయ్యకి కూడా అదే చెప్పండి. ఆవిడకి పోయినేడే గుండెపోటొచ్చింది. ఇప్పుడు పక్కన పట్టుకునే మనిషి లేదు. మా ఆడపడుచు ఏలూరు నుంచి బయల్దేరిందంట. అదొచ్చేదాకా ఆవిడకి తెలియకూడదు. నా మెడ చూసిందంటే ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకని వద్దన్నానమ్మా. మిమ్మల్ని విసిగించాను."

నేను ఇంతసేపూ ఆవిడని చూసి జాలిపడ్డాను. ఆవిడకి తెలియదని, మాకు తెలుసని. ఆవిడ మా అబద్ధాన్ని భరిస్తూ, మా మీద కోపం తెచ్చుకోకుండా, తన చేతులు పోయినా సరే బయట కూర్చున్న ఆ ముసలమ్మ గుండె ఆగకూడదని పడుకుని ఉంది. సిగ్గేసింది నాకు. ఏడుపొచ్చింది. ఆయమ్మ గుమ్మంలోనే చతికిలబడి, కొంగు నోట్లో కుక్కుకుంది.

లోపల ఆవిడ ఏడవడం మొదలుపెట్టింది. పైకి గట్టిగా కాదు. తల కదపకూడదని చెప్పాం కదా, తల కదపకుండా ఏడ్చింది. కళ్ళనీళ్ళు చెవుల్లోకి కారుతుంటే తుడుచుకోవడానికి చేతులు లేవు. ఏవండీ, ఏవండీ అని రెండుసార్లు పిలిచింది. అప్పటిదాకా ఆ పిలుపు పిలవడానికి ఆవిడకి చోటు దొరకలేదు. ఇంటివాళ్ళ ముందు పిలవడానికి లేదు, డాక్టర్ల ముందు లేదు. ఆ గదిలో మాత్రమే దొరికింది.

మిషన్ ఆగి ఉంది. బయట ఇంకో ఇద్దరు రోగులు ఎదురుచూస్తున్నారు, క్యాజువాలిటీ నుంచి ఫోను మోగుతోంది. రోగి గుటక వేస్తేనే విరుచుకుపడే మా సారు, ఫోను ఎత్తలేదు, మైకు ముట్టుకోలేదు. కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకుంటూ కూర్చున్నారు.

చివరికి ఆవిడే అంది. "అయిపోయింది. ఇక తియ్యండమ్మా."

సారు మైకు నా వైపు జరిపారు. అప్పటిదాకా తీసేటప్పుడు నన్ను ఎన్నడూ ఆ మైకులో మాట్లాడనివ్వని మనిషి. నేను చెప్పాను, కదలకండి, మాట్లాడకండి, గుటక వెయ్యకండి అని. ముక్క ముక్కకీ చెప్పాను. ఆవిడ ఒక్కసారి కూడా కదల్లేదు.

ఏడో ఎముక తెరమీద తేటగా వచ్చింది. వెనక భాగంలో పగులు ఉంది. అంచు వెన్నుపాము పక్కదాకా వచ్చి ఆగింది. తల ఎత్తి ఉంటే ఏమయ్యేదో డాక్టరుగారు తర్వాత చెప్పారు, అది ఇక్కడ రాయక్కర్లేదు. అదే చిత్రంలో గొంతు ముందు, చర్మానికి ఆనుకుని, గుండ్రంగా బూడిదరంగు చుక్క ఒకటి. చుట్టూ ఒక్క చార కూడా లేదు. అది పసుపు కొమ్ము.

ఆవిడ చేతుల సంగతి ఇప్పుడే చెప్పేస్తాను, కథల్లోలాగా దాచిపెట్టడం నాకు చేతకాదు. ఆపరేషన్ చేశారు. నెలల తరబడి రబ్బరు బంతి నొక్కుతూ కూర్చుంది. ఎడమచేతి చిటికెనవేలు తప్ప తక్కినవన్నీ తిరిగొచ్చాయి.

ఆ తర్వాత నేను చాలా మిషన్లు చూశాను. ఒకదాన్ని మించి ఒకటి. మీరు నేర్చుకునే లెక్కలన్నీ నేనూ నేర్చుకున్నాను, కొన్ని మీలాంటి వాళ్ళకి నేర్పాను కూడా. ఎవరు ఎంత నవ్వినా, నేను పనిచేసిన గదిలో స్పీకర్ సౌండు ఎప్పుడూ తగ్గించలేదు, తగ్గించనివ్వలేదు. ఆ గుండ్రటి కంతలో పడుకున్న మనిషి అన్న ప్రతి మాటా విన్నాను. చాలావరకు దేవుడి పేర్లు, కొన్ని తిట్లు, కొన్ని పాటలు. వినడానికి మనకి పోయేదేం లేదు. ఇది మీరు పరీక్షలో రాయక్కర్లేదు, చేస్తే చాలు.

ఇక ఆ రోజు సంగతి. కాలర్ మళ్ళీ బిగించి, పసుపు కొమ్ముని దాని కిందికి జార్చి, దుప్పటి సరిచేసి, ట్రాలీ బయటికి తెచ్చాం. తలుపు తెరవగానే ముసలమ్మ లేచి వచ్చేసింది. కోడలి మొహం తడిమింది. చెయ్యి కిందికి జారి, కాలర్ కింద గుండెల మీద ఆగింది. బంగారం ఉండాల్సిన చోట దారం తగిలింది. ఆవిడ మొహం పాలిపోవడం నేను చూశాను.

"ఇదేంటే? సూత్రాలేవి?"

కోడలు నవ్వింది. ఎక్కడ నుంచి తెచ్చుకుందో ఆ నవ్వు! "మిషన్లోకి బంగారం రానివ్వరంట అత్తయ్యా. తీసి మరిదికి ఇస్తున్నారు. అందాకా పసుపు కొమ్ము కట్టారు."

"మరి వాడెలా ఉన్నాడంట?"

"ఆపరేషన్ అవుతోందంటగా. అయ్యాక చెప్తారంట."

ముసలమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుని ఊపిరి వదిలింది. పసుపు కొమ్ముని రెండు వేళ్ళతో పట్టుకుని, మొహం దగ్గరగా పెట్టి చూసింది. తర్వాత నా వంక చూసింది, కోపంగా.

"ఎవరమ్మా కట్టింది? నువ్వేనా? ఒక్క ముడి వేసి వదిలేస్తారా ఎక్కడన్నా? ఇంత చదువుకున్నారు, మూడు ముళ్ళని తెలియదూ?"

నా చేతులు ట్రాలీని పట్టుకుని అలాగే ఉండిపోయాయి. ఆవిడ వంగి, దారం కొసలు పట్టుకుంది. కొడుకు చల్లగా ఉండాలని ఏదో గొణుక్కుంటూ రెండో ముడి వేసింది. కోడలు తల తిప్పలేదు, తిప్పడానికి లేదు. పైకప్పు వంక చూస్తూ, "మెల్లగా వెయ్యండి అత్తయ్యా, తొందరేం లేదు," అంది.

వెనక నుంచి ఎవరో దారి ఇవ్వమంటున్నారు. మూడో ముడి పడేదాకా మా సారు ట్రాలీ కదపనివ్వలేదు.